సీసాలో మబ్బు

ఆ నాలుగు రోజుల సంగతి నోటితో చెప్పమంటే నేను చెప్పలేను. రెండు మూడుసార్లు ప్రయత్నించాను. చన్ను నోట్లో పెట్టినా బిడ్డ పట్టలేదన్న మాట దగ్గరే ఆగిపోతాను. మా వాడికిప్పుడు పదిహేను నెలలు. నా ఎదురుగానే గోడ పట్టుకుని నడుస్తున్నాడు. వాడలా కళ్ళ ముందు తిరుగుతుంటే రాయడానికి ధైర్యం వస్తుందేమోనని ఈ కాగితాలు ముందేసుకున్నాను. మా ఊళ్ళో ఇంకో ముగ్గురు నెలలు నిండి ఉన్నారు. వాళ్ళ కోసం కూడా రాస్తున్నాను.

నా పేరు సత్యవతి. బొబ్బిలికి నాలుగు మైళ్ళ దూరంలో మా ఊరు. ఊళ్ళో చిన్నబడిలో పంతులమ్మని. మా ఆయన సింహాచలం నాకు మేనత్త కొడుకు, బావ అనే పిలుస్తాను. వరిచేను, కాస్త మెట్ట ఉన్నాయి, వ్యవసాయం చేస్తాడు. చదువు నాలుగో తరగతి దగ్గర ఆపేశాడు. మా అత్త పైడమ్మ మా నాన్నకి స్వయానా అక్క. నేను కోడలిగా వచ్చేనాటికే ఆ ఇంట్లో తిని తిరిగిన పిల్లని. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా మధ్య జరిగిన గొడవ ఒకరంటే ఒకరికి గిట్టక జరిగింది కాదు.

వీడి కంటే ముందు మాకొక ఆడపిల్ల పుట్టింది. ఆరో రోజున పాలు మానేసింది. కడుపు ఉబ్బింది. ఒళ్ళు చల్లబడింది. గాలి సోకిందన్నారు. సూది కాల్చి పొట్ట మీద చురకలు పెట్టించారు. ఆ చురకలు మానకుండానే తొమ్మిదో రోజున పోయింది. ఏ జబ్బో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

వీడు అరవై ఎనిమిదో సంవత్సరం ఆషాఢంలో, ఒక శుక్రవారం పొద్దున పుట్టాడు. ఇంట్లోనే కాన్పు. మంత్రసాని బొడ్డు కోసింది. అత్త పిడక బూడిద జల్లించి తెచ్చి బొడ్డు మీద అద్దింది. నేను మంచం మీద పడుకుని చూస్తూనే ఉన్నాను. చేతులు శుభ్రంగా కడుక్కోవాలని, గాయానికి మట్టి తగలనివ్వకూడదని మూడో తరగతి పిల్లలకి పాఠం చెప్పేది నేనే. అయినా నోరెత్తలేదు. ఈ మాట దాచుకుంటే మిగతాది రాయడానికి నాకు అర్హత లేదు. అందుకే ముందే రాసేస్తున్నాను.

*

మంగళవారం, ఐదో రోజు. తెల్లవారాక రెండుసార్లు పాలు పట్టబోయాను. నోట్లో పెట్టినా నాలుక కదపలేదు. పెదవుల పక్కనుంచి పాలు కారిపోయాయి. కాళ్ళు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. గుడ్డ విప్పి చూశాను. బొడ్డు చుట్టూ ఎర్రగా కందిపోయి ఉంది. ఏదో వాసన.

"అత్తా, పిల్లడు పాలు తాగతం నేదు," అన్నాను.

"పడుకున్నాడే. లేపకు. లేసినాక తాగుతాడు."

"పడుకోనేదు అత్తా. కళ్ళు తెరిసే ఉన్నాయి. సూడు."

అత్త వచ్చి చూసింది. ఆమె ముఖం చూస్తే నాకు తెలిసిపోయింది, ఆమెకీ ఆ ఆడపిల్లే గుర్తొచ్చిందని. కాని ఆమె చేతులు వెంటనే పాత దారే పట్టాయి.

"సురకలెట్టే సూరమ్మని పిలిపిత్తాను. బేగి ఎట్టించేత్తే గాలి ఇడిసీసి పోతాది."

"ఈడి ఒంటి మీద సూది పడనివ్వనత్తా. ఆసుపత్రికి తీసికెల్తాను."

"పురుడెల్లకుండా గుమ్మం దాటతావేటే? నీకేటైనా అయితే మీ నానకి నానేటి సెప్పాల?"

నేను లేచి నిలబడ్డాను. పిల్లాణ్ణి పాత చీర ముక్కలో చుట్టుకుని గుమ్మం దాటేశాను. దాటాకే ఏడుపొచ్చింది. పెరట్లో ఉన్న మా బావ నన్ను చూసి వచ్చి పిల్లాడి పాదాన్ని అరచేతిలో పట్టుకుని చూశాడు.

"అమ్మా, బండి కడతన్నాను. నువ్వొత్తావా, ఇంటికాడ ఉంటావా?"

"నా మనవణ్ణి పట్టుకుని మీరెల్లిపోతే నానింటికాడ ఏటి సేత్తాను?" అని అత్త తిట్టుకుంటూనే రెండు గుడ్డలు, ఒక చెంబు మూట కట్టుకుంది.

బొబ్బిలిలో రైలెక్కి విజయనగరం చేరేసరికి మధ్యాహ్నం కావస్తోంది. దారి పొడుగునా వాన. రైలు పెట్టెలో జనం నా ముఖం చూసి చోటిచ్చారు. ఒకామె నా ఒళ్ళో ఉన్న మూట వైపు చూసి తన పిల్లని మరోపక్కకి తిప్పుకుంది. ఆమెని తప్పు పట్టలేను.

*

ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ సన్నగా, పొడుగ్గా ఉంది. జుట్టు సగం నెరిసింది. పిల్లాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి, వేలితో గడ్డం కిందికి నొక్కింది. నోరు తెరుచుకుంది.

"ధనుర్వాతం కాదు, దవడ బిగుసుకోలేదు," అంది. ఆ మాటకి మా అత్త గట్టిగా ఊపిరి వదిలింది. డాక్టరమ్మ మాత్రం తేలికపడలేదు. పొట్ట నొక్కింది, బొడ్డు దగ్గర వంగి వాసన చూసింది, అరికాలు గిల్లింది. వాడు ఏడవలేదు.

"ఎన్నో రోజమ్మా?"

"ఐదోదండి."

"క్రిములు రక్తంలోకి దిగాయని నా అనుమానం. ఇప్పటికి అనుమానమే. పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ మొదలుపెడతాను. కాని అన్ని క్రిములూ వాటికి లొంగవు. ఏ క్రిమో తెలిస్తేనే సరైన మందు తెలుస్తుంది. ఆ పరీక్ష ఇక్కడ లేదు. విశాఖపట్నంలో చెయ్యాలి."

"అయితే పిల్లాణ్ణి అక్కడికే తీసికెల్తామండి," అన్నాడు బావ.

"ఈ స్థితిలో రైల్లోనా? దారిలోనే చల్లబడిపోతాడు. పిల్లాడు ఇక్కడే ఉండాలి. రక్తం వెళ్తే చాలు."

ఆవిడ అలమారలోంచి ఒక చిన్న సీసా తీసింది. రబ్బరు మూత. లోపల గంజితేట రంగులో నీళ్ళు. మాంసం ఉడికించిన రసమట అది. రక్తంలో క్రిములుంటే అందులో అవి తిని పెరుగుతాయట. పెరిగితే తేట నీరు మబ్బు పడుతుందట.

"ఆటికి తిండెట్టి పెంచుతారేటి?" అంది అత్త, నిర్ఘాంతపోయి.

"పెంచితేనే కనబడతాయి పెద్దమ్మా," అంది డాక్టరమ్మ.

సూదులు నీళ్ళలో మరుగుతున్నాయి. అవి చల్లారేదాకా ఆగాలి. ఇంజెక్షను మందు బల్ల మీదే సిద్ధంగా ఉంది. నా బిడ్డ కళ్ళెదుట వాలిపోతున్నాడు. ముందు ఆ మందు పొడిచెయ్యమని బతిమాలాను. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "మందు ఒంట్లో పడితే రక్తంలో క్రిమి దాక్కుంటుంది. సీసాలో పెరగదు. రక్తం ముందు, మందు తర్వాత. పది నిమిషాలు ఓర్చుకో తల్లీ." ఆ పది నిమిషాలూ నేను ఆవిణ్ణి ద్వేషించాను.

తొడ మొదట్లో సూది గుచ్చి రక్తం తీశారు. చెంచాడు కూడా లేదు. గుచ్చినప్పుడూ వాడు ఏడవలేదు. సీసా మూతని స్పిరిటుతో తుడిచి, సూదితోనే రక్తం లోపలికి వదిలి, మీద కాగితం అంటించి నా పేరు రాశారు. డాక్టరమ్మ ఒక ఉత్తరం రాసి, రెండూ మా బావ చేతికిచ్చింది.

"సాయంత్రం ల్యాబొరేటరీ మూసేలోగా అందాలి. చల్లబడనివ్వకు. కుదపకు. మూత ముట్టకు."

"సల్లబడనివ్వను. కుదపను. మూత ముట్టను," అని బావ ఒక్కోమాటా తిరిగి చెప్పాడు. సీసాని తువ్వాలులో చుట్టి, చొక్కా ఎత్తి పొట్టకి ఆనించి కట్టుకున్నాడు. ఉత్తరాన్ని తలపాగా మడతలో దోపాడు. పిల్లాడి వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు. చూస్తే వెళ్ళలేనని భయపడ్డాడట. తర్వాత చెప్పాడు.

ఆ ప్రయాణం సంగతి కూడా తర్వాతే విన్నాను. రైల్లో కూర్చోడానికి చోటున్నా, పక్కవాళ్ళు తగులుతారని తలుపు దగ్గర ఒక చేత్తో కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాడట. కొత్తవలసలో రైలు ఆగిపోయింది. కొత్తగా వేసిన లైను మీది నుంచి ఇనుపరాయి బళ్ళు వస్తున్నాయని, అవి దాటితేగాని మన బండి కదలదని చెప్పారట. ముప్పావుగంట. ఆ ముప్పావుగంటలో నడిచి వెళ్దామా అని కూడా అనుకున్నాడట, మైళ్ళ లెక్క తెలిసి కూడా. "పొట్టలో నొప్పేటి బాబూ?" అని ఎవరో అడిగితే, "నొప్పి కాదు, నా కొడుకు," అనేశాడట. ఆ మనిషి పక్కకి జరిగి చోటిచ్చాడట.

విశాఖపట్నంలో, వాల్తేరు స్టేషన్లో దిగి రిక్షా మీద ల్యాబొరేటరీకి చేరేసరికి, కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన తలుపుకి తాళం వేస్తున్నాడు. ఆయన పేరు జగన్నాథం. అక్కడ పరీక్షలు చేసే మనిషి.

"రేపు రావయ్యా," అన్నాడట.

"రేపటికి నా కొడుకు ఉంటాడో ఉండడో తెల్దు బాబూ."

జగన్నాథం గారు తాళం తీశారు. సీసా చేతిలోకి తీసుకుని దీపం దగ్గర చూశారు. చెమటకి కాగితం మీది సిరా కరిగి నీలంగా అలుక్కుపోయింది. ఒక్క అక్షరం కూడా మిగల్లేదు.

"ఇదెవరి రక్తం? పేరు లేని సీసా నేను తీసుకోకూడదు."

"నా కొడుకుదండి."

"నీ కొడుకు పేరు?"

"ఇంకా పేరెట్టనేదండి. ఐదు రోజులే."

ఆ కంగారులో బావ తలపాగాలో ఉత్తరం సంగతే మర్చిపోయాడట. గుర్తొచ్చి తీసి ఇస్తే అది పొడిగా ఉంది. జగన్నాథం గారు దాన్ని చదివి, కొత్త కాగితం మీద 'సత్యవతి బిడ్డ' అని రాసి అంటించారు. సీసాని వెచ్చగా ఉండే ఒక పెట్టెలో పెట్టి తలుపు మూశారు.

"ఇక నువ్వు చెయ్యగలిగిందేం లేదు. ఇంటికెళ్ళు."

"నానిక్కడే ఉంటానండి," అని బావ వరండాలో తువ్వాలు పరుచుకున్నాడు.

*

బుధవారం. పిల్లాణ్ణి ఒక చెక్కపెట్టెలో పెట్టి పైన బల్బు వెలిగించారు. ఆ వేడితోనే వాడి ఒళ్ళు వెచ్చగా ఉండాలి. ముక్కులోంచి సన్నటి రబ్బరు గొట్టం వేసి నా పాలు పిండి చుక్కచుక్కగా పోసేవారు. ఒళ్ళు పచ్చబడింది. తొడల నిండా సూది పోట్లు.

ఆ రోజు మధ్యాహ్నానికి నా పాలు ఆగిపోయాయి. ఎంత పిండినా గ్లాసు అడుగు తడవలేదు. భయానికి అలా అవుతుందని, మళ్ళీ వస్తాయని నర్సు చెప్పింది. అయితే వాడికిప్పుడు కావాలి కదా! పక్క మంచం మీద పోలమ్మ అని ఒకామె ఉంది. సముద్రం ఒడ్డు పల్లె. మొగుడు వేటకి వెళ్తాడు, ఆమె చేపల గంప మోస్తుంది. పాలు తాగే పిల్లకి కాలు విరిగితే కట్టు వేయించడానికొచ్చింది. నన్ను చూస్తూ చూస్తూ ఉండి, లేచి వచ్చి నా చేతిలో గ్లాసు తీసుకుంది.

"ఏటలా సూత్తావు? నా పిల్ల తాగీసి మిగిలినయ్యే. పంతులమ్మవి, మా పాలు పడతావో పట్టవో మరి."

ఆమె చేతులు పట్టుకున్నాను. మా అత్త పక్కనే ఉంది. కులం మాట ఎత్తుతుందేమోనని ఒక్క క్షణం బెదిరాను. అత్త లేచి వెళ్ళి గ్లాసు మరిగే నీళ్ళతో కడిగి తెచ్చి పోలమ్మకి ఇచ్చింది. అంతే.

సాయంత్రం తంతి వచ్చింది. బావ తరఫున జగన్నాథం గారు ఇంగ్లీషులో రాయించి పంపినది. డాక్టరమ్మ చదివి చెప్పింది. సీసా మబ్బు పట్టింది. క్రిమి పెరిగింది. అది ఏ క్రిమో, ఏ మందుకు చస్తుందో శుక్రవారం తెలుస్తుంది. అందాకా బావ అక్కడే వరండాలో ఉంటాడు.

"మంచిదే," అంది డాక్టరమ్మ.

"మంచిదంటారేటండీ!" అని అరిచాను.

ఆవిడ కోప్పడలేదు. "అనుమానం నిజమైంది. పెరక్కపోతే నేనింకా ఊహ మీదే మందు వేస్తుండేదాన్ని. ఇప్పుడు దాన్ని పళ్ళెంలో వేరుగా పెంచుతారు. పక్కన రకరకాల మందులు తడిపిన కాగితం బిళ్ళలు పెడతారు. ఏ బిళ్ళ చుట్టూ పెరక్కుండా ఆగిపోతే అదీ మన మందు. అవి పెరగడానికి పట్టే కాలం మనం తగ్గించలేం."

వాడి ఒంట్లోనూ అవి పెరుగుతున్నాయి కదా అన్నాను. ఆవిడ వంగి వాడి పొట్ట మళ్ళీ నొక్కి చూసింది.

*

గురువారం గురించి తక్కువ రాస్తాను. పొట్ట బిగిసి మెరుస్తోంది. మధ్యమధ్య ఊపిరి ఆగిపోయేది. "ఆగితే అరికాలి మీద వేలితో కొట్టు, మళ్ళీ తీసుకుంటాడు," అని నర్సు చూపించింది. ఆ రోజంతా నా కళ్ళు వాడి పొట్ట మీదే. కదిలితే కదిలినట్టు. కదలకపోతే కొట్టడం. ఒకసారి కొడితే రాలేదు, రెండోసారికీ రాలేదు. మూడోసారి గట్టిగా కొట్టాను. వాడి ఒళ్ళు ఉలిక్కిపడి ఊపిరి అందుకున్నాడు. నేను కునుకు తీసేటప్పుడు ఆ పని అత్త చేసేది. ఆవిడ కొట్టేది కాదు, పాదం మీద వేలితో రాసేది. "కొట్టత్తా," అంటే, "చెయ్యి రాదే నాకు," అని ఏడ్చింది.

శుక్రవారం పొద్దున నేను మొహం కడుక్కుని వచ్చేసరికి అత్త మూట కట్టి ఉంది. పెట్టె పక్కన నిలబడి ఉంది.

"ఇంటికెల్లిపోదామే. ఈడింక నిలవడు. ఈ గొట్టాల్తోటి, ఈ సూదుల్తోటి, మనోళ్ళెవరూ నేని కాడ పోవాలేటి? ఇంటికాడ ఒళ్ళో ఎట్టుకుందాం. సల్లగా ఎల్లిపోతాడు."

ఆవిడ రాక్షసి కాదు. మూడు రోజులుగా నిద్ర లేక, చూడలేక ఆ మాటంది. నాకూ ఒక్క క్షణం నిజమే అనిపించింది. గొట్టం తీసేసి ఎత్తుకుంటే ఎంత తేలిగ్గా ఉంటుంది అనిపించింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"అత్తా, బావ మూడు రోజుల్నుంచి ఆ అరుగు మీద కూకున్నాడు. ఆ కాగితం పట్టుకుని ఒచ్చీసరికి ఈ పెట్టె కాళీగా ఉంటే నీ కొడుక్కేటి సెప్తావు? నువ్వే సెప్పు. నాను సెప్పను."

అత్త మూట మంచం కిందికి తోసి, పెట్టె పక్కన కూర్చుని వాడి పాదం మీద వేలు పెట్టింది.

మధ్యాహ్నం రెండు దాటాక బావ వచ్చాడు. గడ్డం మాసింది, కళ్ళు లోపలికి పోయాయి. వార్డు గుమ్మంలోనే ఆగిపోయి, మా ముఖాలు చూశాడు. ఉన్నాడని తల ఊపాను. అప్పుడు లోపలికి అడుగు పెట్టాడు. ఒక చేతిలో కాగితం, ఒక చేతిలో మందు సీసాలు. ల్యాబులో పెద్ద డాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని అక్కడే కొనుక్కొచ్చాడు.

డాక్టరమ్మ కాగితం చదివింది. ఆ క్రిమి పేరు చెప్పింది గాని నాకు నోరు తిరగలేదు. పేగుల్లో, పేడలో ఉండే జాతిదట. మూడు రోజులుగా పొడుస్తున్న రెండు మందులకీ అది లొంగలేదు. కనామైసిన్ అన్న మందు బిళ్ళ చుట్టూ మాత్రం పెరక్కుండా ఆగిపోయింది.

"ఒక సంగతి చెప్పాలి మీకు," అంది ఆవిడ. "ఈ మందు చెవులకి మంచిది కాదు. కొందరికి వినికిడి పోతుంది. ఎవరికి పోతుందో ముందుగా చెప్పలేం."

బావ నా వైపు చూశాడు. నేను మాట్లాడేలోగానే ఆయన అన్నాడు: "ఇనపడకపోతే నాను పొలంలో సైగ సేత్తానండి. ఏసెయ్యండి."

సూది వేశాక డాక్టరమ్మని అడిగాను, ఇది ఎక్కడినుంచి వచ్చిందని. "బొడ్డు నుంచే అయ్యుంటుంది. బ్లేడు నుంచో, చేతి నుంచో, దాని మీద అద్దిందాంట్లోంచో, అది నేను చెప్పలేను." అత్త నా వెనకాలే నిలబడి ఉంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

*

శనివారం తొమ్మిదో రోజు. వేలు వాడి పాదం మీద పెట్టుకుని కూర్చున్నాను. ఊపిరి రెండుసార్లే ఆగింది. ఆ రోజు గడిచింది.

ఆదివారం పొద్దున నర్సు వచ్చి తొడలో సూది పొడిచింది. వాడు ఏడ్చాడు.

పిల్లిపిల్ల అరిచినట్టు ఉందా ఏడుపు. నర్సు సూది పట్టుకునే ఆగిపోయింది. పోలమ్మ తన మంచం మీద నుంచి "ఏడు బాబూ, బాగా ఏడు!" అని కేకేసింది. మంగళవారం నుంచి వాడి గొంతు నేను వినడం అదే మొదలు. మర్నాటికి పొట్ట మెత్తబడింది. బుధవారం గొట్టం తీసేశారు. నా పాలు తిరిగి వచ్చాయి. వాడు పట్టాడు. నొప్పి పుట్టేలా పట్టాడు.

ఇంకో పది రోజులు అక్కడే ఉన్నాం. ప్రమాదం తప్పిందని డాక్టరమ్మ చెప్పిన రోజున, వరండాలో వాడి గుడ్డలు ఆరేస్తూ అత్త నా వైపు తిరక్కుండానే అడిగింది.

"ఒసే సత్తీ. ఆ ఆడగుంట కూడా ఇలగే ఎల్లిపోనాదేటి? నా సేత్తోనేనా?"

నాకు కోపం ఉంది. డాక్టరమ్మ బొడ్డు మాట అన్న రోజు నుంచీ ఉంది. ఔనని ఒక్క మాట అంటే ఆవిడ అక్కడే కూలిపోయేది. కాదంటే అబద్ధం.

"అప్పుడు రక్తం ఎవరూ తియ్యనేదత్తా. ఎవరికీ తెల్దు. బూడిదెట్టేటప్పుడు నాను సూత్తానే ఉన్నాను. రెండుసార్లూ."

అత్త గుడ్డ దులిపి తీగ మీద వేసింది. ఆ సంగతి మేం మళ్ళీ మాట్లాడుకోలేదు. కాని ఇంటికొచ్చాక మా వీధిలో ఎవరింట్లో కాన్పయినా అత్త ముందు వెళ్ళి కూర్చుంటోంది. బ్లేడు మరిగించేదాకా ఊరుకోదు. బొడ్డు మీద ఎవరైనా ఏదైనా అద్దబోతే చెయ్యి పట్టుకుంటుంది. కారణం అడిగితే చెప్పదు. కారణం నేను చెప్తున్నాను. బిడ్డ పాలు మానేస్తే, ఒళ్ళు చల్లబడితే, పిలిచినా పలకనట్టు ఉంటే, ఒక్కపూట కూడా ఆగకండి. కాల్చిన సూదీ, చురకా వద్దు. పురుడని గుమ్మంలో ఆగిపోకండి.

*

నాలుగో నెలలో చెవుల పరీక్షకి విశాఖపట్నం వెళ్ళాం. చెవుల డాక్టరు వాణ్ణి నా ఒళ్ళో కూర్చోబెట్టించి, వెనకనుంచి చిన్న గంట మోగించాడు. వాడు తిరగలేదు. మా బావ నా భుజం పట్టుకున్నాడు. రెండో పక్క మోగించాడు. వాడు నెమ్మదిగా తల తిప్పి గంట కోసం వెతికాడు. మళ్ళీ మొదటి పక్క దగ్గరగా మోగిస్తే అటూ తిరిగాడు. ఎడమ చెవి కాస్త మందంగా ఉండొచ్చు, మాటలు వచ్చాక గాని పూర్తిగా తెలీదన్నాడు. మాటలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. ఎడమ పక్కనుంచి పిలిస్తే రెండుసార్లు పిలవాలి. పిలుస్తున్నాం.

ఆ రోజు అక్కణ్ణుంచి బావ నన్ను ల్యాబొరేటరీకి తీసికెళ్ళాడు. జగన్నాథం గారు తలుపు దగ్గరికొచ్చి బావని గుర్తుపట్టారు. నా చేతిలో పిల్లాణ్ణి చూసి, "లోపలికి తేకండి, అక్కడే ఉండండి," అన్నారు. తెల్లకోటు విప్పి తగిలించి, కుళాయి దగ్గర సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, వరండాలోకొచ్చి చేతులు చాచారు.

"చాలా ఏళ్ళుగా చేస్తున్నానమ్మా ఈ పని. సీసాలొస్తాయి, కాగితాలు వెళ్తాయి. ఆ తర్వాత ఏమైందో ఎవరూ చెప్పరు. నేనూ అడగను."

మా వాడు ఆయన కళ్ళజోడు లాగాడు. ఆయన లాగనిచ్చారు.

ఇంతలో లోపల్నుంచి ఎవరో పిలిచారు. ఎక్కణ్ణుంచో ఒక సీసా వచ్చిందట. జగన్నాథం గారు పిల్లాణ్ణి నా చేతికిచ్చి, గబగబా లోపలికెళ్ళిపోయారు. ఆ సీసా తెచ్చిన మనిషి వరండా చివర నిలబడి ఉన్నాడు. మా బావ వయసే ఉంటుంది. పాదాలకి మట్టి. ఇప్పుడు ఖాళీ అయిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఒకదాంతో ఒకటి పట్టుకుని, ఆ మూసిన తలుపు వైపే చూస్తున్నాడు.

బావ వెళ్ళి అతని పక్కన నిలబడ్డాడు. కాసేపటికి తువ్వాలు తీసి నేల మీద పరిచాడు.

"కూకో అన్నా. మూడు రోజులు పడతాది. నిలబడితే కాల్లు ఆగవు," అన్నాడు.

అతను కూర్చున్నాడు. బావ కూడా కూర్చున్నాడు. నేను పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని స్తంభానికి ఆనుకున్నాను. మా రైలుకి ఇంకా గంట టైముంది. ఆ రైలు మేం ఎక్కలేదు.